ఎడిసన్ వెళ్ళేముందు రెండు గన్‌లు అమ్మాను

డాలస్ పక్కన ఫ్రిస్కోలో చాలా ఏళ్ళు ఉన్నాక, 2023లో ఉద్యోగం మారి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ఇల్లు అద్దెకివ్వడం, పిల్లల స్కూలు కాగితాలు, మూవర్లతో బేరాలు అందరికీ ఉండేవే. మన తెలుగువాళ్ళలో ఎక్కువమందికి తగలని పని ఒకటి నాకు అదనంగా మిగిలింది. క్లోజెట్‌లో ఉన్న సేఫ్‌లో ఒక గ్లాక్ 19 పిస్టల్, ఒక రెమింగ్టన్ 870 షాట్‌గన్ ఉన్నాయి.

షాట్‌గన్ గ్రీన్‌కార్డు వచ్చాక కొన్నది. ఆఫీసులో ఒక పెద్దాయన ఏటా సెప్టెంబరు 1న గువ్వల సీజన్ మొదలవగానే పొలాల్లోకి వేటకి వెళ్ళేవాడు, నన్నూ తీసుకెళ్ళేవాడు. పిస్టల్ ఆ తర్వాత రేంజ్‌లో కాల్చడం అలవాటై కొన్నది. రెంటికీ షాపు బిల్లులు జాగ్రత్తగా దాచుకున్నాను.

టెక్సాస్‌లో ఇవి ఇంట్లో ఉన్నాయంటే ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తరు. న్యూజెర్సీ అలా కాదు. అక్కడ గన్ కొనాలంటే ముందు పోలీసుల దగ్గర గుర్తింపు కార్డు తీసుకోవాలి, పిస్టల్‌కి విడిగా పర్మిట్ కావాలి. 2022లో తెచ్చిన చట్టం ప్రకారం బయటి రాష్ట్రం నుంచి వచ్చి స్థిరపడేవాళ్ళు తమతో తెచ్చుకున్న పిస్టళ్ళను 60 రోజుల్లోగా రిజిస్టర్ చేయించాలి. నా గ్లాక్‌తో వచ్చిన మేగజైన్లు 15 తూటాలవి, అక్కడ 2018 నుంచి 10కి మించి పట్టేవి ఉంచుకోవడమే నేరం. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "కొత్త ఊళ్ళో ముందు ఇల్లు వెతుక్కుందామా, తుపాకులకి పర్మిట్లు వెతుక్కుందామా?"

మొదట కొన్న షాపుకే పట్టుకెళ్ళాను. గ్లాక్‌కి 250 డాలర్లు, షాట్‌గన్‌కి 120 అన్నారు. వాళ్ళు దాన్నే అద్దాల బల్లలో పెట్టి దాదాపు రెట్టింపుకి అమ్ముతారు, వాళ్ళ అద్దె వాళ్ళకుంది, తప్పు పట్టలేం. కానీ నాకు మనసొప్పలేదు. ఆన్‌లైన్‌లో గన్‌ల కోసమే నడిచే క్లాసిఫైడ్ యాడ్‌లు ఉన్నాయి, అక్కడ పెట్టమని ఆ పెద్దాయనే చెప్పాడు. మామూలు వస్తువులు అమ్ముకునే చోట్ల గన్‌లు పెట్టనివ్వరు. ఈబే 1999లోనే ఆపేసింది, క్రెయిగ్స్‌లిస్ట్ 2007లో, ఫేస్‌బుక్ 2016లో. ఆ ఖాళీలోంచే ఈ ప్రత్యేకమైన సైట్లు పెరిగాయి.

యాడ్ పెట్టేముందు చట్టం చదివాను. అది అంత చిన్నగా ఉంటుందనుకోలేదు. టెక్సాస్‌లో ఒక మామూలు మనిషి తన సొంత గన్‌ను అదే రాష్ట్రంలో ఉండే ఇంకో మామూలు మనిషికి అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అక్కర్లేదు, ఏ ఆఫీసుకీ చెప్పక్కర్లేదు. పార్కింగ్ లాట్‌లో డబ్బు తీసుకుని చేతికిచ్చేస్తే అమ్మకం పూర్తి. ఫెడరల్ చట్టం అమ్మేవాడికి పెట్టిన అసలు షరతు ఒకటే: కొనేవాడికి గన్ ఉంచుకునే అర్హత లేదని తెలిసి గానీ, అలా అనుమానించడానికి తగిన కారణం ఉండి గానీ అమ్మకూడదు. అమ్మితే 15 ఏళ్ళ దాకా జైలు. అంటే అడగమని చట్టం చెప్పదు. అడక్కపోయినా తెలిసిందో, ఇక తెలియదనే వీలుండదు.

ఇంకో హద్దు కూడా ఉంది. లాభం కోసం కొని అమ్మడం, మళ్ళీ కొని అమ్మడం పనిగా పెట్టుకుంటే అది వ్యాపారం, దానికి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. ఊరు మారుతూ సొంత గన్‌లు రెండు వదిలించుకునేవాడు దాని కిందికి రాడు.

ఈ సంగతి మదనపల్లెలో ఉన్న మా మేనమామకి ఫోన్‌లో చెబితే ఆయన నమ్మలేదు. ఆయన దగ్గర పంట కాపలా కోసం లైసెన్సుతో తీసుకున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ ఒకటి ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోవడమే ఒక ప్రహసనం. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. లైసెన్సున్నవాడు తన తుపాకీని ఇంకో లైసెన్సుదారుడికి అమ్మాలన్నా ఎవరికి అమ్ముతున్నాడో పేరు, అడ్రసుతో సహా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాసివ్వాలి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. "యాడ్ పెడతావా? సైకిల్ అమ్మినట్టేనా అల్లుడూ?" అన్నాడు. దాదాపు అంతే మామయ్యా అన్నాను.

అయితే చట్టం వదిలేసినంత మాత్రాన నేనూ వదిలేయదలచుకోలేదు. కారణం చాలా స్వార్థపరమైనది. నేర స్థలంలో ఒక గన్ దొరికిందనుకోండి. పోలీసులు దాని సీరియల్ నంబరును గన్‌ల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి వెస్ట్ వర్జీనియాలో ఉన్న ట్రేసింగ్ సెంటర్‌కి పంపుతారు. వాళ్ళు కంపెనీని అడుగుతారు, కంపెనీ హోల్‌సేలర్‌ని చూపిస్తుంది, హోల్‌సేలర్ షాపుని చూపిస్తాడు, షాపువాడు 4473 అనే ఫారం బయటికి తీసి మొదట కొన్నవాడి పేరు చెబుతాడు. ఆ మొదట కొన్నవాణ్ణి నేనే. అక్కడితో దారి ఆగిపోతుంది. పార్కింగ్ లాట్‌లో ఎవరికో అమ్మేశానండీ, పేరు గుర్తులేదు అని ఎడిసన్ ఇంటి గుమ్మంలో నిలబడి డిటెక్టివ్‌కి చెప్పే పరిస్థితి నాకొద్దు.

డబ్బు ఇంకో వంద పోయినా సరే, రెండు అమ్మకాలూ లైసెన్సున్న డీలర్ దగ్గరే జరగాలని నిర్ణయించుకున్నాను. ఇక్కడ వాళ్ళని ఎఫ్ఎఫ్ఎల్ అంటారు. అమ్మేవాడూ కొనేవాడూ షాపుకి వెళితే, పాతిక ముప్పై డాలర్లు తీసుకుని కొనేవాడితో ఫారం నింపించి, ఎఫ్‌బీఐ దగ్గర చెక్ చేయించి గన్ అప్పగిస్తాడు.

ఫోటోలు తీయడానికి ఒక ఆదివారం పట్టింది. మేగజైన్ తీసి పక్కన పెట్టాను, పిస్టల్ పైన జరిగే స్లైడ్‌ను వెనక్కి లాగి లాక్ చేశాను, తూటా కూర్చునే చాంబర్‌లోకి కళ్ళతో చూసి, మళ్ళీ చిటికెన వేలు పెట్టి తడిమాను. ఖాళీ అని తెలుసు, అయినా ప్రతిసారీ ఇదే వరస. తూటాలు వేరే గదిలో ఉన్నాయి. బల్ల మీద బూడిద రంగు తువ్వాలు పరిచి కిటికీ వెలుతురులో తీశాను. కొనేవాళ్ళు చూసేది మెరుపు కాదు, అరుగుదల: స్లైడ్ ముందు అంచు దగ్గర హోల్‌స్టర్ (తుపాకీ ఒర) రాపిడికి నలుపు ఎంత పోయింది, బ్యారెల్ లోపలి గాడులు ఎలా ఉన్నాయి. అందుకే ఆ గీతలనే దగ్గరగా తీశాను. సీరియల్ నంబరు మీద టేపు అంటించాను. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఇల్లు ఎక్కడుందో దాక్కుని ఉంటుంది, ఆ లొకేషన్ సమాచారం తీసేశాకే ఎక్కించాను. ఇంట్లో గన్‌లున్నాయని చెబుతూ ఇంటి దారి కూడా చెప్పడం కంటే తెలివితక్కువ పని ఉండదు.

షాట్‌గన్‌కి ఇంకో ముచ్చట ఉంది. గువ్వల్లాంటి వలస పక్షుల వేటలో తుపాకీలో మొత్తం మూడు తూటాలకి మించి పట్టకూడదని ఫెడరల్ నియమం. అందుకని మేగజైన్ గొట్టంలో ప్లగ్ అని ఒక పుల్ల దూర్చి ఉంచుతారు. ముందు మూత విప్పి ఆ పుల్లను బయటికి తీసి, తుపాకీ పక్కనే పెట్టి ఫోటో తీశాను. వేటగాళ్ళకి అది కనిపిస్తే ఈ తుపాకీ ఏ పని చేసిందో చెప్పక్కర్లేదు.

యాడ్ చిన్నగానే రాశాను. మోడల్, ఎన్నేళ్ళ నుంచి ఉంది, సుమారుగా ఎన్ని తూటాలు కాల్చాను, పెట్టె ఉంది, మేగజైన్లు మూడు. గ్లాక్‌కి 450, షాట్‌గన్‌కి 300. కింద షరతులు: ముఖాముఖి మాత్రమే, 21 ఏళ్ళు దాటాలి, ఎఫ్ఎఫ్ఎల్ దగ్గరే, ఫీజు చెరిసగం, మార్పిడి వద్దు. పోస్టు చేసేముందు సైట్ ఒక పేజీ చూపించింది, రాష్ట్ర, ఫెడరల్ చట్టాలు పాటించే బాధ్యత నాదేనని ఒప్పుకుంటూ ఒక డబ్బా టిక్ చేయాలి. మామూలుగా ఇలాంటివి ఎవరూ చదవరు. నేను చదివాను, ఎందుకంటే ఆ ఒక్క టిక్ వెనక పెద్ద కేసే ఉంది. 2012లో విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో ఒకడు, భార్య దగ్గరికి వెళ్ళొద్దని కోర్టు ఆర్డరున్నవాడు, ఆర్మ్స్‌లిస్ట్ అనే గన్ యాడ్‌ల సైట్‌లో చూసి ప్రైవేటుగా పిస్టల్ కొని ఆమెతో సహా ముగ్గుర్ని చంపాడు. ఆమె కూతురు సైట్ మీద కేసు వేసింది. 2019లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, వేరేవాళ్ళు పెట్టిన యాడ్‌కి సైట్ బాధ్యత ఉండదని 1996 నాటి ఇంటర్నెట్ చట్టం కింద తీర్పిచ్చింది. కాబట్టి సైట్‌ది పూచీ లేదు. మిగిలేది అమ్మేవాడే.

యాడ్ బయటికొచ్చిన గంటలోపే మెసేజ్‌లు మొదలయ్యాయి. "ఉందా?" అని అడిగి, ఉందంటే మాయమయ్యేవాళ్ళే సగం. మార్పిడి వద్దని రాసినా ఒకాయన వెల్డింగ్ మెషిన్ ఇస్తానన్నాడు, ఇంకొకాయన కయాక్ ఫోటో పంపాడు. కయాక్ బాగానే ఉంది, ఎడిసన్‌కి ఎలా తీసుకెళ్ళను?

మోసగాళ్ళూ వచ్చారు. "మీరు నిజమైన మనిషేనా అని చూడాలి, మీ ఫోన్‌కి 6 అంకెల కోడ్ పంపాను, చెప్పండి" అన్నాడొకడు. ఆ కోడ్ చెబితే మన నంబరు మీద వాడు గూగుల్ వాయిస్ ఖాతా తెరిచి, దాంతో ఇంకొకళ్ళని ముంచుతాడు. ఇంకొకడు, అడిగిన ధర కంటే ఎక్కువకి క్యాషియర్స్ చెక్ పంపిస్తాను, మిగతాది గన్ పట్టుకెళ్ళే మా మనిషికి ఇవ్వండి అన్నాడు. ఆ చెక్ వారం తర్వాత బౌన్స్ అవుతుంది. సోఫా అమ్మినా ఇవే మోసాలు. ఇక్కడ పోయేది గన్, అంతే తేడా.

అసలు ఆలోచన పెట్టించినవాళ్ళు మోసగాళ్ళు కారు, ఎఫ్ఎఫ్ఎల్ షరతుకి అభ్యంతరం చెప్పినవాళ్ళు. ఒకాయన చాలా మర్యాదగా పెద్ద మెసేజ్ రాశాడు. నా దగ్గర లైసెన్స్ టు క్యారీ (పిస్టల్ వెంట పెట్టుకు తిరిగే లైసెన్సు) కార్డు ఉంది, వేలిముద్రలిచ్చి చెక్‌లన్నీ దాటినవాణ్ణి, ప్రైవేటు అమ్మకం నా హక్కు, నా దగ్గర ఏ గన్ ఉందో కాగితం మీద ఎందుకుండాలి అని. గన్‌లకి దేశమంతటికీ రిజిస్టర్ పెట్టకూడదని 1986లో కాంగ్రెస్ చట్టమే చేసిందని, కానీ మూతబడ్డ షాపుల ఫారాలన్నీ చివరికి చేరేది ఆ ట్రేసింగ్ సెంటర్‌కేనని కూడా గుర్తుచేశాడు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. ఇలా ఆలోచించేవాళ్ళు టెక్సాస్‌లో లక్షణంగా ఉద్యోగాలు చేసుకునే, చర్చికి వెళ్ళే మామూలు మనుషులు. వాళ్ళని దొంగల్లా చూడటం తప్పు. మీ హక్కు మీది, నా షరతు నాది, వేరే అమ్మకందారు దొరకాలని కోరుకుంటున్నా అని జవాబిచ్చాను.

ఇంకొకడు మాత్రం ఒక్క లైన్ రాశాడు: "పేపర్ లేకుండా అయితే 50 ఎక్కువ ఇస్తా." హక్కు గురించి వాదించేవాడు ధర తగ్గించమంటాడు. కాగితం లేకపోవడానికే డబ్బు ఎక్కువిస్తానంటే, తగిన కారణం అని చట్టం అనేది ఇలాంటిదే అనిపించింది. వెంటనే బ్లాక్ చేశాను.

మూడో రోజో నాలుగో రోజో ఒక ఫోన్ వచ్చింది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, నేను రెండు ముక్కలు మాట్లాడగానే "సార్, మీరు తెలుగా?" అన్నాడు. ఔనన్నాను. అంతే, సార్ పోయి అన్నా వచ్చింది.

"అన్నా, నేను డెంటన్‌లో మాస్టర్స్ చేస్తున్నా. రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్‌లో ఉంటా. మనోళ్ళని ఎట్లా కాలుస్తున్నారో న్యూస్ చూస్తున్నారు కదా. ఇంట్లో అమ్మ ఒకటే టెన్షన్. ఆ గ్లాక్ నాకు ఇస్తారా?"

"ఎఫ్1 మీద ఉన్నావా తమ్ముడూ?"

"ఔనన్నా. ఐతే పర్వాలేదంట కదా, హంటింగ్ లైసెన్సు తీసుకుంటే చాలంట. పాతిక డాలర్లే అన్నాడు మా రూమ్మేట్."

రూమ్మేట్ పూర్తిగా తప్పు చెప్పలేదు. స్టూడెంట్ వీసా గానీ, హెచ్1బీ గానీ, ఇలా కొంతకాలానికి వచ్చినవాళ్ళు గన్ కొనడం, ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. టెక్సాస్‌లో అది ఆగస్టు 31తో ముగిసిపోతుంది, ఏటా కొత్తది తీసుకోవాలి. గడువు దాటిన మర్నాడు ఇంట్లో ఉన్న గన్ నేరమైపోతుంది. ఇది చాలామందికి తెలియదు.

కానీ ఈ అబ్బాయి విషయంలో అంతకన్నా పెద్ద చిక్కుంది. చదువుకునే వీసా మీద అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది. స్టేటస్ లేనివాడికి వేట లైసెన్సు మినహాయింపు కూడా వర్తించదు. రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్‌లో ఉంటానని తన నోటితోనే చెప్పేశాడు, ఇక నాకు తెలియదని నేను అనలేను.

ఇదంతా విడమరచి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీ అన్నా, గ్రీన్‌కార్డున్న కజిన్ ఉన్నాడు. వాడి పేరు మీద తీసుకుంటా, డబ్బులు నేనే ఇస్తా" అన్నాడు.

దీన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. ఇంకొకరి కోసం కొంటూ, నాకోసమే అని ఫారంలో సంతకం పెట్టడం. 2022 నుంచి దీనికి విడిగా ఫెడరల్ నేరం పెట్టారు, 15 ఏళ్ళ దాకా శిక్ష. "తమ్ముడూ, మీ కజిన్ గ్రీన్‌కార్డు కూడా పోతుంది. గన్ కేసులో నేరం రుజువైతే డిపోర్ట్ చేయడానికి అదొక్కటే చాలు. వాణ్ణి ఈ మాట అడక్కు" అన్నాను. ఆ కౌంటర్ మానేసే దారి చూడమన్నాను, నాకు తెలిసిన ఇమ్మిగ్రేషన్ లాయర్ నంబరిచ్చాను. "సరే అన్నా" అని పెట్టేశాడు. వాడి భయం అబద్ధం కాదు. అమ్మనందుకు నాకేమీ పశ్చాత్తాపం లేదు గానీ, ఆ ఫోన్ తర్వాత యాడ్ తీసేసి షాపువాడికే ఇచ్చేద్దామా అని ఆ సాయంత్రం గట్టిగానే అనుకున్నాను.

మర్నాడే గ్లాక్‌కి సరైన మనిషి దొరికింది. ప్లేనో వైపు ఉండే నర్సు. ఎఫ్ఎఫ్ఎల్ అనగానే "మంచిది, నేనూ అదే అడుగుదామనుకున్నా, దొంగ గన్ కాదని నాకూ తెలియాలి కదా" అంది. నిజమే, కొనేవాళ్ళకీ ఆ భయం ఉంటుందని నాకప్పటిదాకా తట్టలేదు. 425కి కుదిరింది.

షాపుకి భర్తతో కలిసి వచ్చింది. మనిషి పొట్టి, చేతులు చిన్నవి. గ్లాక్ వెనక పట్టు మార్చుకునే ముక్కలు పెట్టెలో ఉంటే, వాటిని తీసి ఒక్కోటీ పట్టి చూసుకుంది. షాపాయన స్లైడ్ లాగి ఖాళీ అని చూసి, సీరియల్ నంబరు పైకి చదువుతూ తన పుస్తకంలోకి ఎక్కించాడు. ఇంతలో భర్త పర్సు తీసి డబ్బు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. షాపాయన పెన్ను ఆపాడు.

"గన్ ఎవరికి?" అన్నాడు.

"నాకు" అందావిడ. "డబ్బు ఆయనది. పుట్టినరోజు కానుక."

"అయితే ఫారం మీరే నింపాలి, సంతకం మీదే. ఆయన డబ్బిస్తే ఇబ్బంది లేదు." భార్యకి కానుకగా ఇవ్వడం చట్టబద్ధమే. కానీ ఫారంలో మొదటి ప్రశ్నే అది: అసలు కొనేది నువ్వేనా? అందుకే అంత జాగ్రత్త.

ఆ ఫారంలో ఇంకా చాలా అడుగుతారు. శిక్ష పడిందా, గృహహింస కేసుందా, కోర్టు ఆర్డరుందా, గంజాయి వాడతారా. గంజాయి ప్రశ్న పక్కనే, మీ రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే అని హెచ్చరిక కూడా ఉంటుంది. ఆవిడ దగ్గర లైసెన్స్ టు క్యారీ ఉంది కాబట్టి ఎఫ్‌బీఐకి ఫోన్ చేసే పని పడలేదు. టెక్సాస్‌లో ఆ కార్డుంటే షాపులో ఆ చెక్ అక్కర్లేదు, ఫారం మాత్రం తప్పదు. అరగంటలో అయిపోయింది.

షాపాయన మాటకారి. ఊరికే అమ్ముకోకుండా ఇక్కడికి ఎందుకొచ్చావని అడిగాడు. నేను చెప్పకముందే "ఒడెస్సా గుర్తుందా?" అన్నాడు. ఎందుకు గుర్తుండదు? 2019 ఆగస్టు 31న మిడ్‌లాండ్, ఒడెస్సా ఊళ్ళ మధ్య ఏడుగుర్ని కాల్చి చంపినవాడికి, 2014లో షాపు చెక్‌లో కుదరదన్నారు. తర్వాత వాడికి రైఫిల్ ప్రైవేటు అమ్మకంలో దొరికింది. అమ్మినవాడు లైసెన్సు లేకుండా గన్‌ల వ్యాపారం చేశానని కోర్టులో ఒప్పుకున్నాడు, 2021 జనవరిలో రెండేళ్ళ జైలు పడింది.

షాట్‌గన్ అమ్మకం ఇంత నున్నగా సాగలేదు. అడిగినాయన ఓక్లహోమాలోని డ్యూరంట్ నుంచి, రెడ్ రివర్ దాటితే వాళ్ళ ఊరే. మనవడికి గువ్వల వేట నేర్పాలట, ఫోటోలో ప్లగ్ చూసే ఫోన్ చేశాడట. వేరే రాష్ట్రం మనిషికి నేను నేరుగా అమ్మకూడదు, అది టెక్సాస్ చట్టం కాదు, ఫెడరల్ చట్టం. పిస్టలైతే ఆయన రాష్ట్రంలో ఉన్న ఎఫ్ఎఫ్ఎల్‌కి పంపించి అక్కడే తీసుకోవాలి. షాట్‌గన్, రైఫిల్ లాంటి పొడుగు తుపాకులకి ఆ బాధ లేదు, టెక్సాస్ షాపులోనే ఓక్లహోమా మనిషికి అప్పగించొచ్చు. అందుకని ఇద్దరికీ మధ్యలో పడేలా హైవే 75 మీద షెర్మన్‌లో కలిశాం.

ఆయన ఫారం నింపాడు, షాపువాళ్ళు చెక్‌కి పంపారు. జవాబు మూడు రకాలుగా వస్తుంది: ప్రొసీడ్, డినైడ్, డిలేడ్. మాకు వచ్చింది డిలేడ్. ఆయన నవ్వాడు. "నా పేరున్నవాడు ఎవడో ఎక్కడో వెధవ పనులు చేసుంటాడు. నాకిది మామూలే" అన్నాడు. మూడు పనిదినాల్లోపు ఎఫ్‌బీఐ ఏమీ తేల్చకపోతే షాపువాళ్ళు ఇష్టమైతే ఇవ్వొచ్చు, కానీ చాలామంది జవాబు వచ్చేదాకా ఇవ్వరు.

ఇక్కడో మెలిక ఉంది. తుపాకీ నేను వెనక్కి తీసుకెళ్ళాలా, షాపులో వదలాలా? కౌంటర్ దగ్గరమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వెనక్కి తీసుకెళ్తే మళ్ళీ రావాలి. షాపులో వదిలి వెళ్ళిపోతే అది వాళ్ళ స్టాకులో చేరినట్టు. ఆయనకి డినైడ్ వస్తే, నా తుపాకీ నాకు తిరిగివ్వడానికి కూడా నేను ఫారం నింపాలి, నా మీదా చెక్ నడవాలి. నా తుపాకీకి నేనే కొనుగోలుదారునవుతానన్నమాట. మూవర్ల ట్రక్కు వచ్చే తేదీ దగ్గరపడుతోంది. వదిలేయడానికే ఒప్పుకున్నాను. ఆయన 275 డాలర్లూ అప్పుడే చేతిలో పెట్టాడు. డినైడ్ వస్తే మొత్తం తిరిగిస్తానని కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం ఇది. సోమవారం మధ్యాహ్నం షాపు నుంచి ఫోన్: ప్రొసీడ్ వచ్చింది, పెద్దాయన తీసుకెళ్ళాడు. ప్లగ్ పుల్ల ఎక్కడ పెట్టానని ఆయనే సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు, గొట్టంలోనే ఉందని చెప్పాను.

మిగిలిన తూటాలు మూవర్లు ట్రక్కులో ఎక్కించుకోరు. షాట్‌గన్‌వి డ్యూరంట్ పెద్దాయనకే ఇచ్చేశాను, పిస్టల్‌వి ఆఫీసు పెద్దాయన రేంజ్‌లో కాల్చేస్తానని తీసుకున్నాడు. అమ్మకం రసీదులు, షాపు బిల్లులు, సీరియల్ నంబర్ల ఫోటోలు ఒక ఫైల్‌లో పెట్టి, స్కాన్ చేసి కూడా దాచాను. వాటిలో కొన్నవాళ్ళ పేరూ లైసెన్సు నంబరూ ఉంటాయి కాబట్టి, నాకు తప్ప ఎవరికీ అందని చోట ఉంచాను. యాడ్‌లు రెండూ తీసేశాను. షాపు ఇస్తానన్న 370 బదులు ఫీజు వాటాలు పోను 672 డాలర్లు చేతికొచ్చాయి. ఖాళీ సేఫ్ మాత్రం గోడకి బోల్టులు బిగించి ఉంది, దాన్ని ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్ళకే వదిలేశాం.